తాళం చెప్పిన సాక్ష్యం

బాపట్ల నుంచి చీరాల వైపు రైల్లో తిరిగేవారికి ఒక దృశ్యం అలవాటే. బాపట్ల దాటాక ఒక చిన్న స్టేషను వస్తుంది. ఆ బోర్డు కనబడగానే పెట్టెలో ఎవరో ఒకరు "అమ్మాయ్, మెళ్ళో గొలుసు జాగ్రత్త" అంటారు. కిటికీ పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కొంగు భుజం మీదుగా తిప్పి మెడ చుట్టూ కప్పుకుంటారు. బండి కదులుతుంది. కొంగు మళ్ళీ జారుతుంది. నేను చూసినన్నిసార్లూ ఆ ప్లాట్‌ఫారం మీద ఉన్నది సంచులు పట్టుకున్న నలుగురు కూలీలు, పుస్తకాల సంచులతో పిల్లలు, అంతే. స్టేషను పేరు స్టూవర్టుపురం.

ఈ వ్యాసం ఇన్సూరెన్సు గురించి. పోయిన నగలకు బీమా కంపెనీలు డబ్బు ఎలా ఇస్తాయి, ఎందుకు ఇవ్వవు అన్నది నా విషయం. అయితే స్టూవర్టుపురం మాట రాకుండా ఆ కథ చెప్పడం నాకు చేతకాదు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

2024 ఫిబ్రవరిలో, నేను ఫస్టియర్లో ఉండగా, మా అమ్మానాన్న ఇంటికి తాళం వేసి తిరుపతి వెళ్ళారు. నాలుగో రోజు వచ్చి చూస్తే వీధి తలుపు తాళం వేసినట్టే ఉంది. బీరువా తాళం కూడా వేసినట్టే ఉంది. లోపల అమ్మమ్మ ఇచ్చిన నానుతాడు, రెండు జతల గాజులు లేవు. బీరువా తాళంచెవి ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అంటే చీరల మడతల కింద. మన జిల్లాలో ఏ ఇంట్లోనైనా అది అక్కడే ఉంటుంది, దొంగకు వేరే చెప్పనక్కర్లేదు.

ఊరంతా మా వాకిట్లో చేరింది. నాన్న అరుగు మీద కూలబడ్డారు. ఇంట్లో కాలేజీ చదువు చదువుతున్నవాణ్ణి నేనే గనుక కంప్లయింటు రాసే పని నాకు పడింది. ఏమేం పోయాయి, బరువెంత, ఎప్పుడు చూశాం, అన్నీ రాశాను. "అనుమానం ఎవరి మీదో అది కూడా రాయరా అబ్బాయ్" అన్నారు పెద్దాయనొకరు. నేను నాన్న మొహం చూశాను. నాన్న ఏమీ అనలేదు. "ఇంకెవరు, స్టూవర్టుపురం వాళ్ళే. రాయి" అన్నారాయన. రాశాను. నా చేత్తో, నా అక్షరాలతో. ఆ కాగితమే స్టేషనుకు వెళ్ళింది.

ఇక బీమా సంగతి. మాలాంటి రైతు ఇళ్ళలో నగలకు ఇన్సూరెన్సు ఉండడమే విచిత్రం. ఏజెంటుగా చేరిన మా దూరపు చుట్టం ఒకాయన టార్గెట్టు పూర్తి కావాలని బతిమాలితే, మొహమాటానికి నాన్న గృహస్థుల పాలసీ ఒకటి తీసుకున్నారు. పాలసీ ఇంగ్లీషులో ఉంది, సన్నక్షరం. అది అప్పటిదాకా పట్టాదారు పాసుపుస్తకం కవరులో ఉంది, ఎవరూ చదవలేదు. పోయిందన్నాక చదివాం. మందు కొట్టి పొలమంతా తిరిగాక డబ్బా మీద కాగితం చదివినట్టు.

చదివితే తెలిసిందేమిటంటే, దొంగతనం వేరు, ఇన్సూరెన్సు వాళ్ళ దొంగతనం వేరు. మన భాషలో, అప్పటి పీనల్ కోడు భాషలో కూడా, ఇంట్లో వస్తువు యజమానికి తెలియకుండా దురుద్దేశంతో పట్టుకుపోతే దొంగతనమే. పాలసీలో 'బర్గ్లరీ' అనే మాటకు మాత్రం అర్థం వేరు. లోపలికి రావడానికో, బయటికి పోవడానికో బలప్రయోగం జరిగి ఉండాలి. తాళం పగలాలి, గడియ విరగాలి, కిటికీ ఊచ వంగాలి, కన్నం పడాలి. ఆ గుర్తు కంటికి కనబడాలి. తలుపు తీసి ఉంటే నడిచి వచ్చి పట్టుకుపోయినా, దొంగ తాళంచెవితో మర్యాదగా తీసి మర్యాదగా వేసి వెళ్ళినా, అది ఆ అర్థంలోకి రాదు. ఇంట్లోవాళ్ళు, పనివాళ్ళు తీస్తే చాలా పాలసీల్లో అసలే రాదు. ఎప్పుడు పోయిందో ఎలా పోయిందో చెప్పలేని 'మాయమైపోవడం' కూడా సాధారణంగా రాదు.

ఇది కంపెనీల తొండి అని నేనూ మొదట అనుకున్నాను. కాని సుప్రీంకోర్టు 2004లోనే ఈ విషయం తేల్చింది. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్సు కంపెనీకీ హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ అనే వ్యాపార సంస్థకూ మధ్య వచ్చిన కేసు అది. పాలసీలో బలప్రయోగం అని రాసి ఉంటే బలప్రయోగం చూపించాల్సిందే, పాలసీ మాటలే ఇరుపక్షాలకూ శాసనం అన్నది కోర్టు. చివర్లో ఇంకో మాట కూడా అన్నది. ఈ నిర్వచనం మరీ బిగుతుగా ఉంది, సామాన్యుడికి అర్థం కాదు, లోకంలో జరిగేదానికి దగ్గరగా మార్చుకుంటే బాగుంటుందని కంపెనీలకు చెప్పింది. తీర్పు కంపెనీకి దక్కింది, సలహా మనకు మిగిలింది.

నగలకు విడిగా ఇంకో సెక్షను ఉంటుంది. దానికి ప్రీమియం వేరే కట్టాలి. 'ఆల్ రిస్క్స్' అంటారు. ఒక్కొక్క నగనూ బరువుతో, విలువతో జాబితా రాసి ఇస్తే, ఇంట్లో పోయినా, పెళ్ళికి పెట్టుకువెళ్ళి అక్కడ పోయినా వర్తిస్తుంది. దానికి పేరులో 'ఆల్' ఉందిగాని మినహాయింపులు దానికీ ఉన్నాయి. మా చుట్టం ఆ సెక్షను ఉందని చెప్పనేలేదు. బహుశా ఆయనకూ తెలియదు.

సర్వేయరు వచ్చారు. 1938 నాటి ఇన్సూరెన్సు చట్టం ప్రకారం ఒక మేరకు మించిన నష్టాన్ని అంచనా కట్టేది లైసెన్సు ఉన్న సర్వేయరు. ఫీజు కంపెనీ ఇచ్చినా ఆయన కంపెనీ ఉద్యోగి కాడు. మా ఇంటికి వచ్చినాయన వయసు మళ్ళిన మనిషి. బస్సు దిగి నడిచి వచ్చారు. కాఫీ ఇస్తే తాగలేదు, మంచినీళ్ళు తాగారు. టార్చిలైటు వేసి వీధి తలుపు తాళం అటూ ఇటూ తిప్పి చూశారు. తాళంకప్ప పడే కొక్కెం చూశారు. కిటికీ ఊచలు ఒక్కొక్కటీ పట్టుకుని ఊపారు. పెరటి గోడ చుట్టూ తిరిగారు. డాబా మెట్ల తలుపు గడియ తీసి వేసి చూశారు. బీరువా తాళం రంధ్రం చుట్టూ గీతలేమైనా ఉన్నాయేమోనని కళ్ళజోడు తీసి మరీ చూశారు. అన్నిటికీ ఫొటోలు. తరువాత అమ్మను అడిగారు: "ఇంటి తాళంచెవులు ఎన్నున్నాయమ్మా? ఎవరెవరి దగ్గర ఉంటాయి?" అమ్మకు కోపం వచ్చింది. దొంగలు పడి మేం ఏడుస్తుంటే మమ్మల్నే అడుగుతాడేమిటని.

ఇప్పుడు ఆలోచిస్తే నాకొకటి తోస్తుంది. మా ఇంటికి వచ్చిన అంతమందిలో తాళం వైపు చూసిన మనిషి ఆయనొక్కడే.

బిల్లులు అడిగారు. అమ్మమ్మ నానుతాడుకు బిల్లేమిటి? ఆ కంసాలీ లేడు, ఆ కొట్టూ లేదు. గాజులు పత్తి అమ్మిన ఏడు చేయించినవి. తెల్లకాగితం మీద బరువు, తరుగు, మజూరీ వేసి ఇచ్చిన చీటీ ఎప్పుడో పోయింది. ఇక్కడ మమ్మల్ని ఆదుకున్నది మా అప్పు. 2019లో ఆ నగలే బ్యాంకులో కుదువబెట్టి పంట రుణం తెచ్చుకున్నాం. అప్పుడు అప్రైజరు తూచి ఇచ్చిన కాగితంలో ప్రతి నగా పేరు, స్థూల బరువు, నికర బరువు రాసి ఉన్నాయి. వెరసి నికరం 52 గ్రాములు, మన లెక్కలో ఆరున్నర కాసులు. సర్వేయరు ఆ కాగితం చూసి తలూపారు. నగలు మాకు ఉన్నాయన్న సంగతి అక్కడికి రుజువయింది. రైతు బిడ్డలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కాగితం అప్పు తీరగానే చింపేసేది కాదు. పెళ్ళి ఫొటోల్లో మెడలో నగ స్పష్టంగా కనబడితే అవీ పనికొస్తాయి. కొత్త నగలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరక్షరాల హాల్‌మార్కు గుర్తింపు సంఖ్య ఉంటేనే కొట్లో అమ్మాలి. ఆ సంఖ్య బిల్లుతో పాటు రాసి పెట్టుకుంటే చాలు.

లెక్క కట్టడంలో కూడా చిక్కులు లేకపోలేదు. కమ్మల జతలో ఒకటి పోతే జత ఖరీదు ఇవ్వరు, పోయిన ఒక్కదాని వంతే ఇస్తారు. మిగిలిన కమ్మను ఏం చేసుకోవాలో పాలసీలో ఉండదు. మజూరీ, తరుగు ఇస్తారా, లోహం విలువే ఇస్తారా అన్నది పాలసీ మాటలను బట్టి. అన్నిటికన్నా మోసపోయేది 'సగటు' నిబంధన దగ్గర. ఇంట్లో నగల విలువ 10 లక్షలు ఉండగా 5 లక్షలకే బీమా చేశారనుకోండి. 2 లక్షల నగ పోతే 2 లక్షలు వస్తాయనుకుంటాం. రావు, లక్ష వస్తుంది. మిగతా సగానికి మీకు మీరే బీమాదారు అన్నమాట. బంగారం ధర ఏటికేడు పెరుగుతుంటే పాలసీలో అంకె మాత్రం అక్కడే ఉంటుంది. మనం ప్రీమియం మానకుండా కడుతూనే ప్రతి ఏడూ కొంచెం కొంచెంగా బీమా లేనివాళ్ళం అవుతుంటాం.

2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే మూసలో ఇంటి పాలసీ ఇస్తున్నాయి. దాంట్లో సగటు నిబంధన ఎత్తేశారు, అది మంచిదే. నగలకు ముందే ఒప్పుకున్న విలువకు విడిగా చేర్చుకోవచ్చు. 5 లక్షల లోపు అయి, ఏ ఒక్క నగా లక్ష దాటకపోతే విలువ సర్టిఫికెట్టు కూడా అక్కర్లేదు. కాని అందులో దొంగతనం అంటే తుపానో, వరదో, అగ్ని ప్రమాదమో జరిగి, దాని మూలంగా ఏడు రోజుల్లోపు జరిగే దొంగతనం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వారంలో పగిలిన గోడలోంచి పోతే వస్తుంది. మామూలు రోజుల్లో తాళం పగలగొట్టి పట్టుకుపోతే, విడిగా బర్గ్లరీ కవరు లేనిదే రాదు. బ్యాంకు లాకరే నయమనుకునేవారికి కూడా ఒక మాట. 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, లాకరు దోపిడీకి గురైనా, బ్యాంకు ఉద్యోగే మోసం చేసినా, బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె రెండువేలైతే రెండు లక్షలు. లాకరులో ఏముందో బ్యాంకుకు తెలియదు, తెలుసుకోదు, బీమా చేయదు.

మా క్లెయిముకు నెల తిరక్కుండా జవాబు వచ్చింది. నగలు ఉన్నట్టు ఒప్పుకున్నారు. బరువు ఒప్పుకున్నారు. "ఆవరణలోకి బలవంతంగా ప్రవేశించిన గుర్తులు ఎక్కడా కనబడనందున" క్లెయిము చెల్లదన్నారు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాం. అదే జవాబు. హైదరాబాదులో ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఏడాది లోపు వెళ్ళవచ్చు, పైసా ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అది కాదంటే వినియోగదారుల కమిషన్. వెళ్దామన్నాను. నాన్న "ఏవుందిలేరా, వాళ్ళు రాసుకున్నదే వాళ్ళు చెబుతున్నారు" అన్నారు. 2004 తీర్పు చదివాక నాకూ గట్టిగా అనబుద్ధి కాలేదు. ఎవరికైనా క్లెయిము ఆలస్యంగా ఇచ్చారనో, సాకులు చెబుతున్నారనో అనిపిస్తే మాత్రం తప్పక వెళ్ళండి. మా కేసు అది కాదు.

ఆ ఉత్తరం హాస్టలుకు తెచ్చి పెట్టుకున్నాను. మా బ్యాచ్‌లో నాతో ఒకే టేబులు మీద ప్రాక్టికల్సు చేసే మిత్రుడు ఒకడు అది చూసి, విషయమంతా విని, "తాళం బద్దలైందా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి లోపలికెలా వచ్చారంట?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి "కంప్లయింటులో ఎవరి మీద రాశారు?" అన్నాడు. "గుర్తు తెలియని వ్యక్తులు అని రాశాం" అన్నాను. అది అబద్ధం. ఎందుకు అబద్ధమాడానంటే, అడ్రసు అడిగిన ప్రతిచోటా బాపట్ల అని రాసే ఆ మిత్రుడిది నిజానికి ఏ ఊరో నాకప్పటికే తెలుసు. వాడు నవ్వి, "ఆ రోజుల్లో ఇంటర్నల్సు కదరా, మేమెవరం రాలేదులే" అన్నాడు.

ల్యాబులో రీడింగు తీసుకోకుండా రిజల్టు రాస్తే మా లెక్చరరుగారు రికార్డు మొహాన కొడతారు. నేను రాసిన కంప్లయింటు అలాంటి రికార్డే. తాళం చూడలేదు, గడియ చూడలేదు, ఎవరు వచ్చారో చూసినవాళ్ళు లేరు. రిజల్టు మాత్రం ముందే తెలుసు. ఆ రిజల్టు మా ఊరివాళ్ళు కనిపెట్టింది కాదు. నూరేళ్ళ కింద ప్రభుత్వమే అచ్చేసి ఇచ్చింది.

1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవారు అంతకు ముందు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తాకూ లోపలి జిల్లాలకూ మధ్య తిరిగే వర్తకులు. రైళ్ళు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిశాక ఆ బతుకు ఎలా చితికిందో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన 'డిజానర్డ్ బై హిస్టరీ' పుస్తకంలో వివరంగా రాశారు. ఆ తిరిగేవాళ్ళను ఒకచోట కట్టిపడేయడానికి సాల్వేషన్ ఆర్మీ వారి చేతుల్లో పెట్టి నడిపించిన సెటిల్మెంట్లలో స్టూవర్టుపురం ఒకటి. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. అక్కడివాళ్ళకు హాజరు పట్టీ, వేలిముద్రలు, బయటికి వెళ్ళాలంటే పాసు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా కూడా అక్కడినుంచే వెళ్ళారు.

ఆ చట్టంలో నన్ను ఆపేసిన నిబంధన ఒకటుంది. ఫలానా జాతి నేరస్థ జాతి అని ప్రభుత్వం ప్రకటించాక, ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ విచారించరాదు. ఆరున్నర కాసుల బంగారం ఇవ్వనన్న కంపెనీ మీద మాకు ఫిర్యాదుల విభాగం, అంబుడ్స్‌మన్, కమిషన్, ఆ పైన కోర్టులు ఉన్నాయి. పుట్టుకతోనే దొంగవన్న కాగితం మీద వాళ్ళకు అప్పీలు చేసుకునే చోటు ఒక్కటి కూడా లేదు. మా దగ్గర నగ ఉందని నమ్మడానికి కంపెనీ నికర బరువు గ్రాముల్లో అడిగింది. వాళ్ళ చేతిలో దొంగతనం ఉందని నమ్మడానికి ప్రభుత్వం ఏమీ అడగలేదు.

చట్టం 1952లో పోయింది. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడికి వెళ్ళి, నేరాలు మానుకున్నవారికి కొత్త బతుకు చూపించడానికి ఏళ్ళ తరబడి పనిచేశారు. 1991లో ఆ ఊరి పేరుతో సినిమాలు వచ్చాయి, 2023లో ఆ ఊరి కథతో మళ్ళీ ఒకటి వచ్చింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు నిబంధనల మీద ఇచ్చిన తీర్పులో, విముక్త జాతులవారిని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయరాదని పోలీసులకు చెప్పాల్సి వచ్చింది. చట్టం పోయి 72 ఏళ్ళయ్యాక కూడా చెప్పాల్సి వచ్చిందంటే ఆలోచించండి. స్టూవర్టుపురంలో దొంగలు ఎన్నడూ లేరని నేననను. దొంగలు మా ఊళ్ళోనూ ఉన్నారు, ధాన్యం కాటాల దగ్గర వాళ్ళను రోజూ చూస్తాం. మా ఊరి పేరుతో సినిమా రాలేదు, అంతే తేడా.

అసలు మా ఇంటి సంగతే చూడండి. తాళం పగల్లేదు, గీత పడలేదు అన్న కంపెనీ మాట నిజమైతే, వచ్చినవాడికి ఇల్లు తెలుసు. తాళంచెవి చోటు తెలుసు. తీసి, మళ్ళీ చీరల కింద అదే మడతలో పెట్టి పోయాడు. ఎక్కడో ఇరవై కిలోమీటర్ల అవతల ఊరివాడికి ఆ మడత ఎలా తెలుస్తుంది? మా వాకిట్లో నిలబడి "రాయి, స్టూవర్టుపురం అని రాయి" అన్నవాళ్ళలో ఎవరికో తెలిసి ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా. రీడింగు లేకుండా ఇంకొక రిజల్టు రాయదలచుకోలేదు. కాని డబ్బు ఎగ్గొట్టడానికి రాసిన ఉత్తరమని మేం తిట్టుకున్న ఆ కాగితం ఒక్కటే, ఆ వ్యవహారం మొత్తంలో, ఎవరి ఊరూ ఎవరి కులమూ ఎత్తకుండా తాళం గురించి మాట్లాడింది.

మరుసటి ఏడు సంక్రాంతి సెలవుల్లో స్టేషనుకు వెళ్ళి, మా కంప్లయింటులో ఆ మాట కొట్టేయాలని అడిగాను. ఒకసారి నమోదయిన ఎఫ్.ఐ.ఆర్.లో కొట్టివేతలు కుదరవు, కావాలంటే ఇంకో వాంగ్మూలం ఇవ్వండి, ఫైలులో కలుపుతాం అన్నారు. అక్కడే బల్ల మీద కాగితం తీసుకుని, మాకు ఎవరి మీదా అనుమానానికి ఆధారం లేదని రాసి, నాన్న చేత సంతకం పెట్టించి ఇచ్చాను. నాన్న ఎందుకని అడగలేదు. బస్సులో వస్తూ, "ఆ రోజు నేనే వద్దనాల్సింది" అన్నారు.

ఈ వ్యాసం సావనీరుకు ఇచ్చే ముందు మా టేబులు మిత్రుడికి చదవమని ఇచ్చాను. కంప్లయింటు సంగతి వాడికి అప్పుడే తెలిసింది. చివరిదాకా చదివి, "హాల్‌మార్కు తేదీ సరిచూసుకో" అన్నాడు. తరువాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ల్యాబులో, బ్యూరెట్టు నింపుతూ, రీడింగు ఎంతని అడిగాడు.